నిమ్మకాయ కట్టిన యుద్ధనౌక

మేడ్చల్ బస్టాండు ఎదురుగా రహీల్ టీ హోటల్లో గోడవార బల్ల నాది. ఎవరూ నా పేరున రాసివ్వలేదు. కానీ గౌడవెల్లి నుంచి పొద్దున్నే వచ్చి నేను అక్కడ కూర్చుంటేనే ఆ హోటల్లో కథ మొదలయ్యేది. నేను ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను కనుక, పుస్తకాల్లో లేనివన్నీ నాకు తెలుసు. నా పెళ్లినాడు వడగళ్లు పడ్డాయి. ఎంత పెద్దవంటే, పీటలు చాలక వాటి మీదే కూర్చుని బంతి భోజనాలు చేశారు. మా మేనమామ ఒక్కడే లేవలేక అతుక్కుపోతే, ఎండ వచ్చేదాకా ఆగి కరిగించుకున్నాం. రోజుకు ఇలాంటిది ఒకటి చెప్పేవాణ్ణి. ఫ్యాక్టరీ బస్సు కోసం ఆగినవాళ్లు వినేవాళ్లు. బస్సు వెళ్లిపోయినా లేవనివాళ్లు కూడా ఉండేవాళ్లు.

అంతా బాగున్నచోటికి జానకిరామయ్య గారు వచ్చారు.

విశాఖపట్నంలో నేవీలో ముప్పై ఏళ్లు చేసి రిటైరై, గుండ్లపోచంపల్లిలో ఇల్లు కట్టుకున్నారు. మనిషి కొలబద్దలా నిటారుగా ఉంటారు, మాటా అంతే. నా వడగళ్ల సంగతి విని, టీ గ్లాసు కింద పెట్టి, "అంత పెద్ద వడగళ్లు ఉండవండీ" అన్నారు.

"ఎంత పెద్దయి ఉంటయి సార్?"

"కోడిగుడ్డంత. మహా అయితే ఇంకాస్త."

"గా కోడి ఎంత పెద్దదో మీకు తెల్వదు కదా సార్" అన్నాను. హోటలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆ రోజు నుంచి నేను నోరు తెరిస్తే చాలు, పక్క బల్ల మీద నుంచి "అలా ఉండదండీ" అని వినపడేది. అన్నంలో రాయిలా తగిలేది.

ఇది రెండువేల పదమూడు నాటి మాట. ఆ ఏడు వానలు దండిగా పడ్డాయి. ఆ వానల్లో బయట తిరగలేక జానకిరామయ్య గారు తన వరండాలో ఒక యుద్ధనౌక కట్టారు. అసలు ఓడలో నూటయాభయ్యో వంతు అట. అయినా నేను పక్కన పడుకుంటే నా కాళ్లే పొట్టిగా ఉన్నాయి. పలచని చెక్క పట్టీలు ఒకదాని పక్కన ఒకటి అతికించి ఒళ్లు తయారు చేశారు. పాత గొడుగు పుల్లలు కోసి ఫిరంగి గొట్టాలు పెట్టారు. గుండుసూదులు వరసగా గుచ్చి, వాటికి దారం కట్టి, పైన చుట్టూ కంచె వేశారు. నీళ్లలో ఒరిగిపోకుండా అడుగున కిరాణా కొట్టు తూకం రాళ్లు పేర్చారు. టేప్ రికార్డర్ మోటారు ఒకటి బిగిస్తే వెనక చిన్న ఫంకా గిర్రున తిరిగింది. అబద్ధం ఎందుకు, చూడముచ్చటగా ఉంది. ఆ మాట ఆయనతో మాత్రం అనలేదు.

రంగు వేయడానికి మనిషి కావాలన్నారు. నేను అబ్దుల్ భాయ్‌ని తీసుకుపోయాను. అబ్దుల్ భాయ్ నాకు చిన్ననాటి దోస్తు. మేడ్చల్ రోడ్డు మీద షెడ్డులో నలభై ఏళ్లుగా లారీలకు రంగులు వేస్తున్నాడు. ఆయన చిలకను వేసిన లారీ ఒకటి ఢిల్లీ దాకా పోయి వచ్చేసరికి, ఆ చిలకకు హిందీ వచ్చేసిందని నేనే హోటల్లో చెప్పాను.

జానకిరామయ్య గారు ఒక ఫోటో చూపించారు. ఓడ ఒంటి నిండా నలుపు, తెలుపు, నీలం, బూడిదరంగు పట్టీలు. ఒకటి ఇటు వాలితే ఒకటి అటు. ఏ పట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ తెగుతుందో తెలియదు.

అబ్దుల్ భాయ్ ఫోటోను తిప్పి చూశాడు, తలకిందులుగా చూశాడు. "సాబ్, గిది ఎవడో నశాల ఏసినట్టున్నది."

"కాదండీ. యుద్ధంలో వేసే రంగు ఇది. కామోఫ్లాజ్ అంటారు."

"అంటే దాసిపెట్టుడా?"

"అంత పెద్ద ఓడ సముద్రంలో ఎక్కడ దాక్కుంటుందండీ? దాచడానికి కాదు. ఎటు పోతోందో తెలియకుండా చేయడానికి. టార్పెడో, అంటే నీళ్లలో పోయే బాంబు, వేసేవాడు ఓడ ఉన్నచోటికి వేయడు, ఓడ చేరబోయే చోటికి వేస్తాడు. వస్తోందో పోతోందో తేలకపోతే గురి తప్పుతాడు."

"ఉరికే కోడి మీద గంప మూసినట్టు" అన్నాను.

"సరిగ్గా అంతే" అన్నారాయన. మేమిద్దరం ఒక మాట మీద నిలబడింది అదే మొదలు.

"ముందు కొసన నీళ్లు చీలి నురగ లేస్తుంది కదా, ఆ తెల్ల నురగ వెనక కొసకు కూడా వేయాలి" అన్నారు జానకిరామయ్య గారు. "వెనక భాగాన్ని చూసి శత్రువు ముందనుకోవాలి."

"మరి నేనేమనుకోవాలె సాబ్?" అని అడిగాడు అబ్దుల్ భాయ్.

పని మొదలైంది. మొదలైన గంటకే తగాదా వచ్చింది. ఎడమ పక్క పట్టీలు ఒక తీరుగా, కుడి పక్క ఇంకో తీరుగా ఉండాలన్నారు ఆయన. రెండు పక్కలా ఒకే తీరుగా రాకపోతే లారీ ఓనర్లు తంతారని అబ్దుల్ భాయ్. ఆ తగాదా తీరాక చిలక తగాదా.

"ఒక్క చిలక సాబ్. చిన్నది. గా మూలకు. ఎవలకూ కనపడది."

"యుద్ధనౌక మీద చిలకేమిటండీ!"

"పోనీ, ఆఖరికి నిమ్మకాయ మిరపకాయలు కడత, పాత చెప్పు కడత. గవి తప్పయి."

"చెప్పు కూడానా!"

"మా షెడ్డులకెల్లి గవి లేకుంట ఒక్క బండి రోడ్డెక్కలే సాబ్. ముందట నిమ్మకాయ, ఎనక చెప్పు. దిష్టి కొడితె మీరు జవాబు చెప్తరా?"

చాలాసేపు బేరమాడారు. చిలక పోయింది, చెప్పు పోయింది, నిమ్మకాయ మిగిలింది. అదీ నీళ్లలో దింపేటప్పుడు మాత్రమే, పైకి తీయగానే విప్పేయాలి. ముప్పై ఏళ్లు నేవీలో చేసిన మనిషి నిమ్మకాయ దగ్గర ఓడిపోయాడని నేను హోటల్లో చెబితే, మొదటిసారి ఆయన "అలా జరగలేదండీ" అనలేకపోయారు.

అబ్దుల్ భాయ్ పట్టీ అంచుకు టేపు అతికించి, ఊపిరి బిగపట్టి, ఉడత వెంట్రుకల కుంచెతో గీసేవాడు. ఒక పక్క ముగించి రెండో పక్కకు వచ్చేసరికి కళ్లు తిరిగాయి. ఇంటికి పోయాక షహజాది బేగం వదిన మంచినీళ్లు ఇస్తే, గ్లాసును వదిలేసి గోడ మీద గ్లాసు నీడను పట్టుకున్నాడట. ఇది నేను కల్పించింది కాదు. వదినే చెప్పింది. గోడకు ఆయన వేళ్ల గుర్తులు, నీలం రంగువి, నేను కూడా చూశాను.

ఆ మరునాడే హోటల్లో నా నోరు ఊరుకోలేదు.

"మా పెదనాయిన పెద్ద లడాయిల ఓడ మీద రొట్టెలు జేసెటోడు" అని ఎత్తుకున్నాను. "గా ఓడకు గిసుంటి రంగే. కప్తాను ఒడ్డుకు దిగి పెండ్లానికి చీర కొన్కొని వచ్చెటాల్లకు ఓడ కదిలి పోతాంది. ఆయనకేమో వస్తున్నట్టె కొట్టింది. కుర్సీ తెప్పిచ్చుకొని ఒడ్డు మీద కూసున్నడు. వస్తాంది, వస్తాంది అనుకుంట మూడేండ్లు కూసున్నడు. లడాయి ఖతమై రంగు కడిగినంక తెలిసింది, ఓడ లండన్ల ఉన్నదని!"

అందరూ నవ్వుతుంటే జానకిరామయ్య గారు లేచి నిలబడ్డారు.

"ఇది శుద్ధ అబద్ధం. కొత్తవాణ్ణి మభ్యపెట్టవచ్చు. తన ఓడ విషయంలో నేవీ మనిషి మోసపోడు."

"మీ ఓడ మీరు గుర్తుపడతరా సార్? వస్తాందో పోతాందో?"

"కళ్లు మూసుకుని చెబుతాను."

"కండ్లు తెరుసుకొనె చెప్పున్రి. షర్తు!"

రహీల్ గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడ్డాడు. పందెం ఇలా ఖాయమైంది. శామీర్‌పేట చెరువులో ఓడను వదలాలి. వదిలేదాకా జానకిరామయ్య గారు వెనక్కి తిరిగి ఉండాలి. పిలవగానే తిరిగి చూసి, అది మన వైపు వస్తోందో, అవతలికి పోతోందో అక్కడికక్కడే చెప్పాలి. రంగు ఆయన్ని మోసం చేస్తే, ఇక మీదట నా పక్కన కూర్చుని నా ప్రతి కథకూ "నిజమేనండీ" అని సాక్ష్యం పలకాలి. ఆయన సరిగ్గా చెబితే, ఈ హోటల్లో నేను నిజం తప్ప మాట్లాడకూడదు.

ఆ చివరి మాటకు టీ గ్లాసులన్నీ బల్లల మీదికి దిగాయి. "గట్లయితె మేమెందుకు వచ్చుడు?" అన్నాడు మూలనుంచి ఎవరో.

ఇంట్లో చెబితే మా ఆవిడ బాలమణి చేస్తున్న పని ఆపేసింది. "నిజమే మాట్లాడాల్నా? అంటె ఇగ హోటల్‌కు పోకుంట దినామంతా ఇంట్లనే కూసుంటవా? వద్దయ్యా. ఎట్లన్న జేసి గెల్వు."

నాకూ భయం పట్టుకుంది. ముందుజాగ్రత్తగా కొంచెం నిజం అలవాటు చేసుకుందామని దొడ్లోకి పోయి, "నిన్న వాన పడింది. ఇయ్యాల పడలే" అన్నాను. వినడానికి అక్కడ మా బర్రె ఒక్కటే ఉంది. అదీ మొహం తిప్పుకుంది.

ఆదివారం ఓడను దుప్పట్లో చుట్టి ట్రాలీ ఆటోలో శామీర్‌పేట తీసుకుపోయాం. హోటల్ బంద్ చేసి రహీల్ వచ్చాడు, ఆయన వెనక గిరాకీలంతా వచ్చారు. చెరువు నిండుగా ఉంది. అవతలి ఒడ్డు పొడవునా గుర్రపుడెక్క పచ్చగా పరుచుకుని ఉంది. చేపలు పట్టే జంగమ్మ తన గుండ్రటి పుట్టి పడవతో సిద్ధంగా ఉంది. ఓడను నీళ్ల నడుమకు తీసుకుపోయి ఏదో ఒక దిక్కుకు వదిలే పని ఆమెది. ఏ దిక్కుకో ఎవరికీ చెప్పకూడదు.

"ఫంకా ఉన్న కొస ఎనక అన్నట్టు, అంతే కదా?" అంది జంగమ్మ. "గిండ్ల ఎవలన్న ఎక్కుతరా, ఉత్తగనే పోతదా?"

"ఉత్తగనే పోతది."

"గింత కష్టపడి చేసి ఉత్త ఓడ తోల్తున్నరా! నాలుగు చేపలన్న ఎయ్యున్రి."

జానకిరామయ్య గారు కట్ట మీద నిలబడి, చెరువుకు వీపు పెట్టి, కరీంనగర్ రోడ్డు మీద పోయే బస్సులను చూస్తున్నారు. ఆయన తిరగకుండా నేను పక్కనే కాపలా ఉన్నాను. కింద నీళ్ల దగ్గర అబ్దుల్ భాయ్ దుప్పటి విప్పుతున్నాడు, "జల్దీ కానీ, గాలి లేస్తాంది" అని జంగమ్మ తొందర పెడుతోంది. అప్పుడు జరిగింది ఆమెకు తెలియదు, అబ్దుల్ భాయ్‌కి తెలియదు, నాకు అసలే తెలియదు. దుప్పటి సగం విప్పేసరికి ఒక కొస బయటపడింది. ఆ కొసన తెల్లని నురగ కనిపించింది. అబ్దుల్ భాయ్ బిస్మిల్లా అని, ఆ కొసకు నారింజకాయంత నిమ్మకాయను, ఏడు మిరపకాయలను కట్టేశాడు.

పుట్టి నడుమకు పోయింది. జంగమ్మ చెయ్యెత్తింది.

"ఇగ తిరుగున్రి సార్" అన్నాను.

ఆయన తిరిగారు. నీళ్ల మీద నలుపూ తెలుపూ పట్టీల ముక్కలు ముక్కలుగా ఏదో కదులుతోంది. ఆయన కళ్లు చికిలించారు. మెడ ఇటు వంచారు, అటు వంచారు. నాలుగు అడుగులు పక్కకు నడిచి చూశారు. నా లోపల దావత్ మొదలైంది. అబ్దుల్ భాయ్ రంగు ఎంత గట్టిదంటే, నాకైతే ఓడ పక్కకు పోతున్నట్టు అనిపించింది.

అంతలో ఆయన మొహం వెలిగింది. "వస్తోంది" అన్నారు.

"ఇంకోపారి చూడున్రి సార్."

"చూడక్కర్లేదు. మన వైపే వస్తోంది. రాసుకోండి."

అంత ధీమాగా అంటే నా దావత్ ఆగిపోయింది. రేపటి నుంచి గోడవార బల్ల మీద కూర్చుని "టీ వేడిగా ఉంది" అని చెప్పుకోవాలి. జానకిరామయ్య గారు ప్యాంటు మడుచుకుని మెట్లు దిగారు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, బడి నుంచి వచ్చే మనవణ్ణి ఎత్తుకోబోయినట్టు రెండు చేతులూ చాపారు.

కాసేపయింది. ఓడ రాలేదు.

"ఎదురుగాలి" అన్నారు.

ఇంకాసేపయింది. రహీల్ నా పక్కన గొణిగాడు. "ముత్తన్నా, వచ్చేది పెద్దగ కావాలె కదా? గిది చిన్నగైతాంది ఏంది?"

"నీళ్ల మీద అలాగే కనిపిస్తుందండీ" అన్నారు జానకిరామయ్య గారు కింది నుంచి. చేతులు మాత్రం ఇంకా దించలేదు.

ఓడ పోయి పోయి గుర్రపుడెక్కలో దూరి ఆగింది. చెరువు నడుమ నుంచి జంగమ్మ గొంతు కట్టంతా వినపడింది. "ఓ సారూ! ఓడ అవుతలి ఒడ్డుకు ముట్టింది. నువ్వు గాడ చేతులు జాపి ఎవల కోసం నిలబడ్డవ్?"

కట్ట మీద నవ్వు లేచింది. నేను తువ్వాలు గాలిలోకి ఎగరేశాను. ఆయన మాత్రం నీళ్లలోంచి గబగబా పైకి వచ్చారు. "నిమ్మకాయ! నిమ్మకాయ ఇటు వైపే ఉంది కదండీ! స్పష్టంగా చూశాను! ముందు నిమ్మకాయ, వెనక చెప్పు అని ఈయనే కదా చెప్పింది!"

అందరం అబ్దుల్ భాయ్ వైపు తిరిగాం. ఆయన మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది.

"అయితే పందెం చెల్లదు" అన్నారు జానకిరామయ్య గారు. "పందెం రంగు మీద. నన్ను మోసం చేసింది రంగు కాదు, నిమ్మకాయ. ఇది దోస్తు కోసం కావాలని కట్టిన నిమ్మకాయ. అంటే దొంగాట. దొంగాట ఆడినవాళ్లు ఓడినట్టే."

నా తువ్వాలు ఎక్కడో పడింది, వెతకలేదు. ఆయన మాటలో న్యాయం ఉంది. అబ్దుల్ భాయ్ కావాలని కట్టి ఉంటే నేను ఓడినట్టే. పొరపాటున కట్టి ఉంటే, ఆయన తన రంగు చూసి తానే మోసపోయినట్టు, నేను గెలిచినట్టు. కానీ ఆ మాట ఆయన నోటితో ఎలా వస్తుంది? నలభై ఏళ్ల పెయింటర్ తను రంగేసిన బండికి ముందేదో వెనకేదో తెలియలేదని నలుగురిలో ఒప్పుకుంటే, తెల్లారేసరికి షెడ్డుల్లో పాట కట్టి పాడతారు. దొంగ అనిపించుకోవాలా, పని రానివాడు అనిపించుకోవాలా? నా నోరు ఆయన నోట్లో ఉంది.

"చెప్పు భాయ్" అన్నాను.

అబ్దుల్ భాయ్ గడ్డం గోక్కున్నాడు. చెరువు వైపు చూశాడు. గుర్రపుడెక్కలో నల్లగా తెల్లగా మెరుస్తున్న ముక్కను చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగానే ఆయన ఛాతీ మెల్లగా ముందుకు వచ్చింది.

"సాబ్, నలభై ఏండ్ల సంది రంగులేస్తున్న. మస్తు మంది మెచ్చుకున్నరు. కని ఒక్కడంటె ఒక్కడు మోసపోలే. ఇయ్యాల ఎవడు మోసపోయిండో ఎరుకేనా? నేన్! గీ చెయ్యి ఏసిన నురగ చూసి గీ చెయ్యే ముందుకొస అనుకొని నిమ్మకాయ కట్టింది. ఏసినోన్నే పరేషాన్ జేసిన రంగు గిది. గిసుంటిది మేడ్చల్ల ఏసినోడు ఎవడన్న ఉంటె పిల్సుకరాన్రి, ఆని కాళ్లు మొక్కుత!"

కట్ట మీద చప్పట్లు. జానకిరామయ్య గారు తడిసిన ప్యాంటు మడత విప్పుకున్నారు.

"ఒప్పుకున్నాను" అన్నారు.

జంగమ్మ ఓడను పుట్టిలో వేసుకుని తెచ్చింది. మిరపకాయలు రెండు తక్కువున్నాయి. చేపలు తిన్నాయని నేను చెప్పాను. జంగమ్మ నా వైపు అదోలా చూసి కొంగు సర్దుకుంది.

మరునాడు జానకిరామయ్య గారు మాట ప్రకారం నా పక్కన కూర్చున్నారు. నేను మా బర్రె పాల కథ ఎత్తుకున్నాను. చిక్కదనం ఎంతంటే, దొంగ కుండలో చెయ్యి పెడితే మళ్లీ బయటికి రాలేదు. అందరూ ఆయన వైపు చూశారు. ఆముదం మింగినట్టు మొహం పెట్టి, "నిజమేనండీ" అన్నారు. హోటల్ పైకప్పు ఎగిరిపోయింది. నా జన్మలో అంత గొప్ప పొద్దు లేదు.

ఆ వారమంతా అలాగే నడిచింది. తరువాతి వారం ఒకరోజు నేను బర్రె పాల కథ మళ్లీ చెబితే, "నిజమేనండీ" అని, ఆగి, "రెండు చేతులూ పెట్టాడు. ఒక చెయ్యి కాదు" అన్నారు. జనం ఇంకాస్త నవ్వారు. ఆయన తనలో తాను ముసిముసిగా నవ్వుకోవడం నేను చూశాను. అప్పుడే కనిపెట్టవలసింది. గెలిచిన మత్తులో ఉన్నాను.

దసరా దాటేసరికి ఆయనే మొదలుపెట్టారు. "మా ఓడ శామీర్‌పేటలో దిగిన రోజు..." అని. నేవీ మనిషి, ఇస్త్రీ చొక్కా, ఆ గొంతు. నా కథలు జనం నవ్వుతూ వినేవాళ్లు. ఆయనవి నోరు తెరుచుకుని వింటున్నారు. బల్లే చెరువు, చేతిలో అగ్గిపెట్టె ఓడ. ఓడ అవతలి ఒడ్డుకు పోయిందట. అక్కడి బర్రెలు దాన్ని చూసి, వస్తోందో పోతోందో తెలియక, సగం కరీంనగర్ దిక్కుకు, సగం మేడ్చల్ దిక్కుకు పరుగెత్తాయట. బస్సులు ఆగిపోయాయట. అప్పుడాయన తీరం నుంచే ఫిరంగులు తిప్పించారట.

నేను లేచి నిలబడ్డాను. "సార్, అబద్ధం!" అన్నాను. "బర్రెలు లెవ్వు, ఏం లెవ్వు. ఓడ గుర్రపుడెక్క దాక పోయి ఆగింది. జంగమ్మ తెచ్చింది. గంతే."

హోటలంతా నన్ను జాలిగా చూసింది.

"ముత్తన్నా, నడుమల రాకు" అన్నాడు రహీల్. "సార్ చెప్తాండు కదా. మంచి జాగల ఆపినవ్."

జానకిరామయ్య గారు మాత్రం పెద్దమనిషి. నా భుజం తట్టి, "ముత్తయ్య గారూ, ఆ గ్లాసు కాస్త పక్కకు తీస్తారా? ఓడ ఇటు తిరగాలి" అన్నారు.

నేను గ్లాసు తీశాను.